ఫ్రెండ్ ఇచ్చిన నావెల్ నచ్చలేదు, తనకెలా చెప్పను?

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్ళు. మాదాపూర్‌లో జాబ్, కొండాపూర్‌లో పీజీ. నా రూమ్మేట్ ఇంటర్ నుంచి నాకు క్లోజ్ ఫ్రెండ్. దసరా సెలవులకి ముందు ఒకరోజు రాత్రి తనకి అమ్మాయిలంటేనే ఇష్టమని, అబ్బాయిని పెళ్ళి చేసుకోవడం తన వల్ల కాదని నాకు చెప్పింది. నాకేం ప్రాబ్లం లేదు, అదే చెప్పాను. తర్వాత ఒక ఇంగ్లీష్ నావెల్ చేతిలో పెట్టింది, పాట్రీషియా హైస్మిత్ రాసిన 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్'. ఇద్దరు ఆడవాళ్ళ లవ్ స్టోరీ. చదివి ఎలా ఉందో చెప్పమంది. చదివేశాను కానీ నచ్చలేదక్కా. చాలా స్లో. ఆ కెరోల్ డబ్బున్న పొగరుబోతు, థెరీస్ ఏమో 19 ఏళ్ళ పిల్ల, ఆవిడ ఎటంటే అటు వెళ్తుంది. పైగా కెరోల్ కన్నకూతుర్ని వదులుకోవడం నాకు అస్సలు మింగుడుపడలేదు. నేను క్రైమ్, సస్పెన్స్ చదివే దాన్ని. నచ్చలేదంటే తనే నచ్చలేదన్నట్టు ఫీలవుతుందేమోనని 'ఇంకా చదువుతున్నా' అని నెట్టుకొస్తున్నా. పుస్తకం అంతా క్లీన్‌గా ఉంది, చివరి రెండు పేజీల్లో మాత్రం పెన్సిల్ గీతలున్నాయి. ఇంకోటి, వాళ్ళమ్మ నల్గొండ నుంచి నాకు ఫోన్ చేసి దాన్ని పెళ్ళికి ఒప్పించమంటోంది. పేరు చెప్పకుండా మా కజిన్‌ని అడిగితే, వాళ్ళమ్మకి నిజం చెప్పెయ్, కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారుతుంది అంటోంది. ఏం చెయ్యను?
పేరు వద్దు, కొండాపూర్

సమాధానం: నచ్చలేదని చెప్పెయ్ చెల్లీ. ఏం నచ్చలేదో, ఎందుకు నచ్చలేదో అన్నీ చెప్పు. కాకపోతే ముందు తన గురించి ఒక మాట చెప్పి, అది తనకి అందిందని నీకు తెలిశాక అప్పుడు పుస్తకం తెరువు. ఇవి రెండు వేరు వేరు విషయాలు, నువ్వు రెండూ ఒకే మూటలో కట్టేశావు కాబట్టే నీకింత భయంగా ఉంది.

ఈ 'ఇంకా చదువుతున్నా' ఇక ఎక్కువ రోజులు నడవదు. సస్పెన్స్ నావెల్ దొరికితే నువ్వు రాత్రికి రాత్రి లైట్ వేసుకుని పూర్తి చేసే మనిషివని ఇంటర్ నుంచి పక్క మంచం మీద పడుకుంటున్న పిల్లకి తెలీదా, మూడొందల పేజీల్లోపు పుస్తకం ఇన్ని వారాలు పట్టిందంటే తను ఈపాటికి ఏదో ఒకటి అనేసుకుని ఉంటుంది, అది కచ్చితంగా నీ అసలు ఒపీనియన్ కంటే ఘోరంగానే ఉంటుంది. ఇలాంటి విషయం మొదటిసారి ఒకరికి చెప్పిన మనిషి తర్వాత కొన్నాళ్ళు ప్రతి చిన్నదీ గమనిస్తూనే ఉంటుందమ్మా. నువ్వు ఇదివరకులా తన ప్లేట్లోంచి ఇడ్లీ ముక్క తుంచుకుంటున్నావా, తన మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నావా, డ్రెస్ మార్చుకోవడానికి ఇప్పుడు బాత్రూమ్‌లోకి వెళ్తున్నావా, ఇవన్నీ తను చూస్తుంది. నువ్వు ఏమీ మారలేదని నీకు తెలుసు, తనకి తెలియాలి కదా. అందుకే ముందు ఆ మాట. పెద్ద స్పీచ్ వద్దు, 'ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు నేనేమన్నానో ఇప్పుడూ అదే, రేపైనా అదే' అను చాలు, ఆ తర్వాత 'ఇక పుస్తకం సంగతికొస్తే నాకు ఆ కెరోల్ మీద పీకలదాకా కోపముంది, కూర్చో కొట్లాడుకుందాం' అను. అంత ఫ్రీగా అనగలిగితేనే తనకి ధైర్యం వస్తుంది, బావుంది బావుంది అని మొహమాటానికి తలూపితే రాదు. ఆడవాళ్ళు ప్రేమించుకున్న కథ కాబట్టి జాలిపడి మార్కులు వెయ్యడం ఆ పుస్తకానికీ మర్యాద కాదు, నీ ఫ్రెండ్‌కీ కాదు. బాగా చదివి, వాదించి, ఒప్పుకోకపోవడమే అసలైన గౌరవం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నీ అభిప్రాయాల సంగతి. నాకు ఆ నావెల్ ఇష్టం, అయినా నువ్వన్నవాటిలో సగం కరెక్టే.

వయసు, డబ్బు గురించి నువ్వన్నదాంట్లో నాకు వాదనే లేదు. ముప్పై దాటిన డబ్బున్న ఆవిడ, కారు ఆవిడదే, హోటల్ బిల్లు ఆవిడే కడుతుంది, అవతల బొమ్మల కౌంటర్లో నిలబడే 19 ఏళ్ళ అమ్మాయి, దానికి అమ్మా నాన్నా ఉన్నట్టు కూడా లెక్క కాదు. ఆ ప్లేస్‌లో మగాడుంటే మనం ఏమనేవాళ్ళమో ఇక్కడా అదే అడగాలి, ఇద్దరూ ఆడవాళ్ళని ఆ ప్రశ్న మాఫీ అయిపోదు. నీ ఫ్రెండ్‌తో కూడా ఈ మాట తగ్గకుండా అను. కానీ చివర్లో కెరోల్ వచ్చి నాతో ఉండు అని అడిగితే థెరీస్ మొదట ఒప్పుకోదు, అది గమనించావా. అప్పటికి ఆ పిల్ల సొంతంగా స్టేజ్ డిజైన్ పనిలో పడింది, పార్టీలో ఇంకో నటి తన మీద ఇంట్రెస్ట్ చూపిస్తే కాసేపు అటు కూడా మనసు పోతుంది, ఆ తర్వాతే తనంతట తను లేచి కెరోల్ దగ్గరికి నడుచుకుంటూ వెళ్తుంది. ఫస్టాఫ్‌లో పిలిస్తే వెళ్ళిన పిల్ల వేరు, చివర్లో వెళ్ళిన మనిషి వేరు.

కెరోల్ పొగరు గురించైతే నేను నీతో ఒప్పుకోను. ఆ నావెల్ మొత్తం మనం థెరీస్ కళ్ళతోనే చూస్తాం, కెరోల్ మనసులోకి రచయిత్రి మనల్ని ఒక్కసారి కూడా తీసుకెళ్ళదు, ఆవిడ విడాకుల కేసుతో నలిగిపోతూ ముభావంగా ఉంటే ప్రేమలో పడ్డ పిల్లకి అది తన మీద చిరాకులాగా కనిపిస్తుంది, మనకీ అలాగే కనిపిస్తుంది. ఇక స్లో అంటావా, స్లోనే. కానీ నువ్వు సస్పెన్స్ చదువుతానన్నావు కాబట్టి చెప్తున్నా, హైస్మిత్ అసలు సస్పెన్స్ రైటర్. ఆవిడ మొదటి నావెల్ 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్' 1950లో వస్తే మరుసటి సంవత్సరమే హిచ్‌కాక్ సినిమా తీశాడు. ఈ పుస్తకంలో కూడా సెకండాఫ్‌లో వాళ్ళ కారు వెనకాల డిటెక్టివ్ పడతాడు, హోటల్ గదుల్లో మాటలు రికార్డ్ చేస్తాడు, థెరీస్ రాసిన లవ్ లెటర్ ఒకటి మొగుడి చేతికి చిక్కుతుంది. నువ్వు అప్పటికే విసుగొచ్చి పేజీలు తిప్పేశావేమోనని నా డౌట్, ఆ రోడ్ ట్రిప్ భాగం ఇంకోసారి చదివి చూడు.

అసలు మాట్లాడాల్సింది కూతురి విషయం. కెరోల్ రిండీని వదిలేసిందని రాశావు. వదిలేసిందా, లాక్కున్నారా? భర్త హార్జ్ ఆ రికార్డింగులు, ఆ లెటరూ చూపించి పాప కస్టడీ తీసుకుంటాడు. లాయర్లూ అత్తింటివాళ్ళూ కలిసి ఇలా ఉండకూడదు, అలా చెయ్యకూడదు, ఫలానా అమ్మాయిని మళ్ళీ కలవకూడదు అని ఒక లిస్టు పెట్టి ఒప్పుకోమంటారు, ఒప్పుకుంటే పాపని చూడనిస్తారు. ఆవిడ మొదట థెరీస్‌ని వదిలేసి కూతురి కోసమే వెనక్కి వెళ్ళింది కదా, థెరీస్ అంత దెబ్బతిన్నది అందుకే. ఆఖరికి ఆ లిస్టు దగ్గర ఆగిపోయింది, నేను నేనుగా లేకుండా బతుకుతానని సంతకం పెట్టలేనంది, దాంతో పాపని చూడ్డానికి ఏదో కాస్త టైమ్ పడేశారు. ఈ నావెల్ వచ్చిన 1952 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే చట్టాలున్నాయి, మొట్టమొదట ఇల్లినాయ్ రాష్ట్రం ఆ చట్టం తీసేసింది 1961లో. అక్కడి సైకియాట్రిస్టుల అసోసియేషన్ 1952లో వేసిన జబ్బుల లిస్టులో ఇదీ ఉంది, తీసేయడానికి 1973 దాకా పట్టింది. అంటే కోర్టుకెళ్తే ఆ జడ్జి ముందు కెరోల్ ఒక పేషెంటు, ఒక నేరస్తురాలు, ఆ తర్వాతే తల్లి.

నీకెందుకు మింగుడుపడలేదో నాకు తెలుసు. పిల్లల మొహం చూసైనా సర్దుకుపో అనే మాట మనం మన అమ్మల దగ్గర, పిన్నుల దగ్గర వింటూనే పెరిగాం, సర్దుకుపోయిన వాళ్ళని దేవతలన్నాం, ఇప్పుడొకావిడ సర్దుకోను అంటే లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ, తప్పేం లేదు. ఇదంతా తెలిశాక కూడా నేనైతే సంతకం పెట్టి పాప దగ్గరే ఉండేదాన్ని అని నీకనిపిస్తే అదీ న్యాయమైన మాటే. కానీ కోపం కెరోల్ మీద ఎంతుందో ఆ లిస్టు రాసినవాళ్ళ మీదా అంత ఉండాలి కదా, నీ లెటర్‌లో హార్జ్ పేరే లేదు.

ఇక ఆ పెన్సిల్ గీతలు. నీ లెటర్ మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగింది అక్కడే. పుస్తకమంతా క్లీన్‌గా ఉంచి చివరి రెండు పేజీలే గీసుకుందంటే తను నీకు చూపించాలనుకుంది కెరోల్‌ని కాదు, ఆ ఎండింగ్‌ని. ఆ ఇద్దరూ చివర్లో బతికే ఉంటారు, కలుస్తారు. నీకు అది మామూలు హ్యాపీ ఎండింగ్ అనిపించి ఉంటుంది. అప్పట్లో అలాంటి కథలకి అది దాదాపు దొరకని వస్తువు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్రేమించుకున్న నావెల్ అంటే చివరికి ఒకత్తి చావాలి, లేదా పిచ్చెక్కాలి, లేదా బుద్ధొచ్చి మగాడిని చేసుకోవాలి. అదే 1952లో 'స్ప్రింగ్ ఫైర్' అని ఇంకో నావెల్ వచ్చింది, రాసినావిడ మారిజేన్ మీకర్, ఆవిడకి పబ్లిషింగ్ ఎడిటర్ ముందే చెప్పేశాడు, వీళ్ళు సుఖపడినట్టు రాస్తే పోస్టల్ వాళ్ళు పుస్తకాలు పట్టేసుకుంటారు, ఎండింగ్ అలా వద్దు అని. హైస్మిత్ కూడా భయపడే క్లేర్ మోర్గన్ అనే దొంగపేరుతో వేయించుకుంది. మరుసటి ఏడాది పేపర్‌బ్యాక్ వస్తే దగ్గర దగ్గర పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి, లేని ఆ క్లేర్ మోర్గన్ పేరు మీద ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, మాలాంటివాళ్ళు చావకుండా ముగిసిన కథ ఇదే మొదటిసారి చదివాం, థాంక్స్ అని. ఆవిడ సొంత పేరుతో ఆ పుస్తకం మళ్ళీ రావడానికి 1990 దాకా పట్టింది, అప్పుడు 'కెరోల్' అని టైటిల్ మార్చారు, 2015లో సినిమా కూడా అదే పేరుతో వచ్చింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకు. 1998లో మన దేశంలో 'ఫైర్' సినిమాలో ఇద్దరు తోడికోడళ్ళు ప్రేమించుకున్నట్టు చూపిస్తే ముంబైలో, ఢిల్లీలో థియేటర్ల మీద పడి పగలగొట్టారు. నీ ఫ్రెండ్ చిన్నప్పటి నుంచి చూసిన తెలుగు సినిమాల్లో, సీరియల్స్‌లో, మన ఇళ్ళల్లో చెప్పుకునే కథల్లో తనలాంటి ఇద్దరు కలిసి ఒక ఇంట్లో కాఫీ పెట్టుకుని బతికినట్టు ఎక్కడ కనిపించి ఉంటుంది చెప్పు. అందుకని నువ్వు పుస్తకం మీద ఎంత కొట్లాడినా సరే, ఒక్కటి మాత్రం అడుగు, 'చివరి పేజీలు ఎందుకు గీశావ్' అని. అడిగాక నువ్వు మాట్లాడకు. తను చెప్పడానికి టైమ్ తీసుకుంటే తీసుకోనీ, నీ అభిప్రాయం, సలహా ఏదీ మధ్యలో దూర్చకు.

నువ్వు అడగలేదు గానీ ఇదీ చెప్పాలి. లవ్ స్టోరీ ఇచ్చింది కదా, కొంపదీసి నా మీద ఏమైనా ఉందా అని ఒక్క నిమిషమైనా అనుకుని ఉంటావు. పుస్తకం ఇవ్వడానికి అర్థం సాధారణంగా నన్ను అర్థం చేసుకో అని మాత్రమే. తనంతట తను ఏదైనా చెప్తే అప్పుడు చూద్దువుగాని, ఇప్పుడు నువ్వే ఊహించుకుని దూరం జరగకు.

మీ కజిన్ సలహా మాత్రం అస్సలు వినకు. మొదటిది, పేరు చెప్పలేదంటున్నావు, నీకున్న రూమ్మేట్ ఒక్కతే కదమ్మా, పేరు చెప్పకపోతే తెలీదా? ఆ నోటి నుంచి ఇంకో నోటికి పోకముందే ఫోన్ చేసి అది నా ఫ్రెండ్ విషయం కాదు, ఎవరిదైనా సరే ఇంక ఎక్కడా ఎత్తకు అని గట్టిగా చెప్పు. రెండోది కౌన్సెలింగ్. ఈ నావెల్ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ మాటకి నీకే ఒళ్ళు మండుతుంది. 1948లో హైస్మిత్‌కి ఒకాయనతో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఆడవాళ్ళంటే ఇష్టపడే తన మనసుని మార్పించుకుని ఆ పెళ్ళికి సరిపోవాలని సైకోఅనాలిసిస్ అనే మానసిక ట్రీట్‌మెంట్‌కి వెళ్తోంది. ఆ ఫీజులకి డబ్బుల్లేక డిసెంబర్‌లో న్యూయార్క్ బ్లూమింగ్‌డేల్స్ షాపులో బొమ్మల సెక్షన్‌లో సేల్స్ గర్ల్‌గా చేరింది. క్రిస్మస్ రష్‌లో మింక్ అనే ఖరీదైన బొచ్చు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి కూతురి కోసం బొమ్మ కొని, ఇంటికి పంపమని అడ్రస్ ఇచ్చి వెళ్ళిపోయింది, అంతే, మళ్ళీ కలవలేదు. ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి ఈ కథ మొత్తం ప్లాట్ రాసేసుకుంది, అప్పటికే ఒంట్లో బాగాలేదు, ఆ తర్వాత చూసుకుంటే ఆటలమ్మ. ఆ ట్రీట్‌మెంట్ వల్ల మనసేం మారలేదు, ఆ పెళ్ళీ జరగలేదు.

ఇప్పుడు మన దగ్గర రూల్స్ కూడా చాలా స్పష్టంగా ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే సెక్షన్ 377 నుంచి మేజర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాల్ని తీసేసింది. ఇలా మనసు మారుస్తామని చేసే కన్వర్షన్ థెరపీ డాక్టర్లకి ప్రొఫెషనల్ మిస్‌కాండక్ట్ అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. పెళ్ళి హక్కు మాత్రం ఇంకా రాలేదు, 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అది పార్లమెంట్ చూసుకోవాల్సిందే అనేసింది. కాబట్టి ఎవరైనా మారుస్తానని ఫీజు అడిగితే వాడి దగ్గరికి వెళ్ళాల్సిన పనే లేదు. ఇంట్లో గొడవలతో తనకి నిద్ర పట్టక, తిండి సహించక ఉంటే అప్పుడు మంచి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళొచ్చు, కానీ వెళ్ళాలా వద్దా అనేది తనే డిసైడ్ చేసుకోవాలి.

పుస్తకాల విషయంలో ఇంకో చిన్న మాట, నీకు సస్పెన్సే కావాలంటే సారా వాటర్స్ రాసిన 'ఫింగర్‌స్మిత్' చదువు, 2002లో వచ్చింది, పాత లండన్‌లో దొంగలు, ఆస్తి కోసం మోసం, మధ్యలో ఇద్దరమ్మాయిల ప్రేమ, పుస్తకం కింద పెట్టలేవు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇద్దరూ కలిసి ఓపిగ్గా వెతకండి, దొరక్కపోతే డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ ఉండనే ఉంది. ఈసారి తనకి నువ్వు ఒకటి ఇవ్వు, నీకు బాగా ఇష్టమైన డిటెక్టివ్ నావెల్, తనకి నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పమను.

ఆంటీ గురించి. 'బిడ్డా, మంచి సంబంధాలొస్తున్నయి, అది ఫోటో సుత సూస్తలేదు, నువ్వన్న జర చెప్పరాదు' అని ఆవిడ బతిమాలుతుంటే కాదనడం కష్టమే, ఆవిడా చెడ్డమనిషి కాదు, కూతురి భవిష్యత్తు గురించి భయం. అయినా నువ్వు చెప్పకూడదు. ఆ మాట ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తన చేతిలో ఉండాలి, నీ చేతిలో కాదు, మంచికే చెప్పానన్నా సరే ఒకసారి నోరు జారితే వెనక్కి తీసుకోలేవు. అబద్ధాలూ కట్టొద్దు, ఎవరో అబ్బాయి ఉన్నాడు ఆంటీ, ఇప్పుడే వద్దంటోంది ఆంటీ లాంటివి అస్సలు వద్దు, రేపు అవి తన మెడకే చుట్టుకుంటాయి. 'ఆంటీ, పెళ్ళి సంగతి మీరే దాంతో మాట్లాడండి, నేను మధ్యలో వస్తే బాగోదు' అను, మళ్ళీ చేస్తే మళ్ళీ అదే అను. రేప్పొద్దున ఇంట్లో తెలిసి బలవంతంగా తీసుకెళ్ళడం, ఫోన్ లాక్కోవడం దాకా వస్తే మాత్రం తను మేజర్, ఇష్టం లేకుండా ఎవరూ కట్టిపడెయ్యలేరు, మహిళల హెల్ప్‌లైన్ 181, పోలీస్ 112, ఈ రెండు నంబర్లూ ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. తన ముఖ్యమైన సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు నల్గొండలో కాకుండా తన దగ్గరే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోమను.

వాళ్ళమ్మ నీకు ఫోన్ చేస్తోందని తనకి ఇంతవరకూ చెప్పినట్టు నీ లెటర్‌లో లేదు. అది మాత్రం ఇవాళే చెప్పు, పుస్తకం గురించి రేపు మాట్లాడుకున్నా ఏం కాదు.